ఆ పక్క రేవు

ఇంకో ఇరవై నాలుగు గంటలు గడిస్తే వసుంధర ఈ ఊరి మొహం చూడక్కర్లేదు.

రేపు పదింటికి పార్కు ప్రారంభోత్సవం. ఒంటిగంటకు భోజనాలు. ఆ తర్వాత ఆమె బదిలీ కాగితం మీద పై ఇంజినీరు సంతకం. ఎల్లుండి నుంచి టెక్కలి ఆఫీసు. ఇంటి నుంచి నడిచి వెళ్తే ఏడు నిమిషాలు.

నాలుగేళ్లుగా ఆమె తెల్లారకముందే టెక్కలిలో బస్సెక్కి పలాసలో దిగుతోంది. అక్కడ ఇంకో బస్సు పట్టుకుని మందసలో దిగుతోంది. అక్కణ్ణుంచి షేర్ ఆటోలో, జీడితోటల మధ్య ఊగుతూ గెడ్డవలస. తిరిగి అలాగే ఇల్లు. యాభై ఒకటో ఏట ఆమె నడుము ఆ రోడ్డు మీద ప్రతి గుంతనూ కళ్లు మూసుకుని గుర్తుపడుతుంది.

గెడ్డ సముద్రంలో కలిసే ముందు అరకిలోమీటరు ఒడ్డు ఉంది. ఆ ఒడ్డే పార్కు. నడకదారి, బెంచీలు, పిల్లల ఉయ్యాలలు, నీటి అంచు పొడవునా నడుమెత్తు స్టీలు రెయిలింగు. ఆదివారం పూట పలాసవాళ్లూ కంచిలివాళ్లూ పిల్లాజెల్లాతో వచ్చి, టిక్కెట్టు లేకుండా గాలి పీల్చుకుని పోయేందుకు ఒక చోటు. ప్లాను గీసింది వసుంధరే. మొదట్లో దాని మీద ఆమెకు ప్రేమ కూడా ఉండేది.

సాయంత్రం ఐదింటికి ఆఖరిసారి అన్నీ చూసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముప్పయ్యేళ్లుంటాయి. చొక్కా లేదు, భుజాన తువ్వాలు. గేటు బార్లా తెరిచే ఉన్నా లోపలికి అడుగు పెట్టలేదు.

"మేడమ్, రేపు పొద్దున్న ఆ పక్కకి దారి ఇప్పించాల."

"ఏ పక్క?"

"ఆ పక్కే మేడమ్." చెయ్యెత్తి చూపించలేదు. గడ్డంతో దక్షిణపు మూలకు సైగ చేశాడు. తొమ్మిదిరోజుల గడ్డం.

వసుంధర ఆ గడ్డాన్ని చూసింది. "ఎవరు పోయారు?"

"మా నాన్న. పెంటయ్య. నాను ధనుంజయ్‌ని. రేపు పదో దినం."

పెంటయ్య ఆమెకు తెలుసు. జీడితోట రైతు, ఊరికి పెద్ద. ఆమె ఫైల్లో మొదటి సంతకం ఆయనదే.

ఎనిమిది నెలల కిందట, శ్రావణ శుక్రవారం నాడు, ఈ ఒడ్డు మీదే టెంటు వేసి ఊరి సభ పెట్టింది. మంచిరోజని, ఊరివాళ్లను గౌరవించినట్టుంటుందని ఆమే పట్టుబట్టి దీపం పెట్టించింది, కొబ్బరికాయ కొట్టించింది. తర్వాత ఫారం తీసింది. ఒడ్డున ఎక్కడ ఏ పని జరుగుతుందో ఊరివాళ్లే చెప్పాలి, ఆ పనికి ప్లానులో చోటు ఇవ్వాలి. అదీ పద్ధతి. ఆడవాళ్లు బట్టలుతికే బండ చెప్పారు. మగవాళ్లు పశువులు దిగే చోటు చెప్పారు. కొబ్బరి పీచు నానబెట్టే గుంట చెప్పారు. అన్నిటికీ చోటు దొరికింది.

"దక్షిణపు మూల?" అని అడిగింది చివర్న.

ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ దీపం వైపు చూసి తల దించుకుంది. ఆఖరికి పెంటయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ పక్క ఏటీ నేదమ్మా. రాసీండి."

'ఏ వాడకమూ లేదు' అని రాసింది. నలభై మూడు సంతకాలు పడ్డాయి. ఆ తర్వాత మూలనున్న మొగలి పొదలు కొట్టేశారు, పచ్చగడ్డి పరిచారు, రాతిమెట్ల మీద సిమెంటు దిమ్మెలు పేర్చారు, పైన రెయిలింగు బిగించారు.

అది ఊరి దినాల రేవు. చచ్చిపోయినవాళ్ల పదోరోజు జరిగేది అక్కడే. వెలిగే దీపం ఎదుట దాని ఊసెత్తరు. ఆ మాటకొస్తే ఎక్కడా ఎత్తరు. ఆ పక్క అంటారు, అంతే.

"సరే, దీపం ముందు చెప్పలేదు. తర్వాతైనా చెప్పొచ్చు కదా ధనుంజయ్! పొదలు కొడుతుంటే చూస్తూ ఊరుకున్నారే!"

"ఎవులు సెప్తారు మేడమ్? ఆ పక్క మాకు గావాల అని ముందుగాల ఎవుడు అడిగితే ఆడింట్లో సావుకి ఆడే తొందరపడినట్టు. 'ఏరా, మీ అమ్మకి అప్పుడే సోటు సూత్తన్నావేటి?' అంటారు. ఆడు సెప్తాడని ఈడు, ఈడు సెప్తాడని ఆడు. సివరికి ఇదిగో, మాకే వొచ్చింది."

"ఇంకో చోటు లేదా?"

"ఆ ఒడ్డంతా రొయ్యల సెరువులు. పక్కూరి రేవుకి మన దినం అట్టుకెల్తే ఆలు ఊరుకుంటారేటి? కర్రలట్టుకుంటారు."

"మీ అమ్మగారు ఏమంటున్నారు?"

"మా యమ్మ ఏటీ అన్నేదు. నాలుగ్రోజుల నుంచి ఏటీ అన్నేదు." అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రేపు కాపోతే నాన్న దినం తప్పిపోద్ది మేడమ్. మల్లీ రాదు కదా."

కాంట్రాక్టరు శ్యాంసుందర్ విశాఖ మనిషి. తెల్లచొక్కా, చెవిలో ఎప్పుడూ ఫోను. విషయం వినగానే నవ్వాడు.

"మేడం గారూ, గుండ్లు గీయించుకోడానికా నేను పచ్చగడ్డి పరిచింది? రేపు పదింటికి ముఖ్య అతిథి ఆ మూలనే నిలబడి ఫొటో దిగుతారు. కావాలంటే ఎల్లుండి విప్పుకోమనండి, రెయిలింగు మొత్తం పట్టుకుపోమనండి."

"పదోరోజు ఎల్లుండికి జరగదు శ్యాంసుందర్."

"ప్రారంభోత్సవం మాత్రం జరుగుతుందా?"

పై ఇంజినీరుకు ఫోను చేసింది. ఆయన ఓపిగ్గా విని, ఒకే ప్రశ్న వేశాడు. "ఫారంలో ఏం రాశారు?"

"ఏ వాడకమూ లేదని, సార్."

"మరి వాడకం లేని చోటికి దారేమిటమ్మా? అక్కడ రేవుందని ఇప్పుడు నువ్వు కాగితం పెట్టావనుకో, సభ తప్పు, ఫారం తప్పు, మంజూరు తప్పు. మొదటి మెమో ఎవరికి వస్తుంది? నీ బదిలీ ఫైలు నా టేబుల్ మీదే ఉంది. రేపొక్కరోజు కళ్లు మూసుకో. నోరు కూడా."

ఆయన చెడ్డవాడు కాదు. మంచి సలహానే ఇచ్చాడు. వసుంధర రెయిలింగు పట్టుకుని కాసేపు నీళ్ల వైపు చూసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమెకు రెండింటి మీదా కోపం రాలేదు. నిద్ర వచ్చింది.

గేటు దగ్గరికి నడిచింది.

"ఆరున్నరకి రండి. రెయిలింగులో రెండు పలకలు విప్పిస్తాను. తొమ్మిదికల్లా అయిపోవాలి. తొమ్మిది దాటితే నా చేతుల్లో ఉండదు."

ధనుంజయ్ చేతులెత్తి దండం పెట్టబోయి, మైలలో పెట్టకూడదని గుర్తొచ్చి, మధ్యలో ఆపేశాడు.

పొద్దున్న ఆరున్నరకు ముప్పై మంది వచ్చారు. ఇద్దరు కూలీలు బోల్టులు విప్పి రెండు పలకలు పక్కన పెట్టారు. ధనుంజయ్ అన్నదమ్ములు సిమెంటు దిమ్మెలు ఎత్తేశారు. కింద తడి ఇసుక. ఇసుక కింద మూడు రాతిమెట్లు, నున్నగా అరిగినవి.

పెంటయ్య తమ్ముడు నీలకంఠం కర్ర ఊతంతో మెట్టు మీద నిలబడి పాదం రాసి చూశాడు. "ఇదేరా. మా నాన్నకి సేసినప్పుడు కూడా ఈ మెట్టే."

పలాసలో సెలూన్ ఉన్న ఉమాపతి కత్తి తీసి కొడుకుల తలలు తడిపాడు. "తొందరగా వొంచండి బావా. తొమ్మిదింటికి పెల్లికొడుకు ఫేషియల్ ఉంది నాకు."

"పెల్లికొడుకుని ఆగమను. మా నాన్న ఆగడు," అన్నాడు ధనుంజయ్.

అంతవరకూ సాఫీగానే సాగింది. చిక్కు ఆడవాళ్ల దగ్గర వచ్చింది. పెంటయ్య భార్య నారాయణమ్మ గాజులు తీసి, స్నానం చేయించి, తెల్లచీర కట్టించాలి. నలుగురు వితంతువులు ఆమెను నడిపించుకొచ్చి ఆగిపోయారు. ఇదివరకు మొగలి పొదల చాటు ఉండేది. ఇప్పుడు చాటన్నదే లేదు. చదునుగా పచ్చగడ్డి, అవతల నడకదారి. దాని మీద పూలకుండీలు సర్దే కూలీలు, కుర్చీలు మోసేవాళ్లు, ముందే చూసిపోదామని వచ్చిన నాలుగైదు కుటుంబాలు. ఒకతను ఫోను పైకెత్తి ఒడ్డంతా వీడియో తీస్తున్నాడు.

చీరలు అడ్డం పట్టారు. ఏప్రిల్ గాలి సముద్రం మీంచి ఈడ్చి కొడుతోంది. చీరలు నిలవలేదు.

నారాయణమ్మ కింద కూర్చుంది. నాలుగురోజులుగా మాట్లాడని మనిషి ఇప్పుడు నోరు విప్పింది. "ఇంతమందిలో నాను సేయించుకోను. నన్ను సంపీండి."

వసుంధర చుట్టూ చూసింది. వేదిక వెనక, వెదురు చట్రానికి బిగించిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ముఖ్య అతిథి రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. 'ఈ తీరం ప్రజలకు అంకితం' అని అక్షరాలు. ఆ చట్రాన్ని గాలి కదపలేకపోతోంది.

"అది పట్టుకురండి," అంది కూలీలతో.

శ్యాంసుందర్ అప్పుడే కారు దిగుతున్నాడు. "మేడం! అది స్టేజి బ్యాక్‌డ్రాప్!"

"అరగంటలో తిరిగి పెట్టేస్తారు."

"ఎవరైనా ఫొటో తీసి పెడితే నా బిల్లు ఆగిపోతుంది!"

"నా బదిలీ ఆగిపోతుంది. పట్టుకోండి ఆ చివర."

ఏమనుకున్నాడో, పట్టుకున్నాడు. ఎనిమిదిమంది మోసుకొచ్చి మెట్ల ముందు నిలబెట్టారు. కూలీల్లో ఒకడు అడిగాడు. "మేడమ్, బొమ్మ ఎటేపు పెట్టాల?"

వసుంధర నోరు తెరిచేలోపే నారాయణమ్మ అంది. "లోపలికొద్దు బాబూ. ఆ బాబు సూత్తాడు."

వితంతువుల్లో ఒకావిడకు నవ్వు ఆగలేదు. పక్కావిడకు అంటుకుంది. నారాయణమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. చట్రం వెనక గాజులు మెట్టు మీద పగిలిన చప్పుడు. ఇవతల ముఖ్య అతిథి చేతులు జోడించి నవ్వుతూనే ఉన్నాడు. శ్యాంసుందర్ ఆ చివర పట్టుకుని, మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

ఎనిమిదింబావుకు ముద్ద పెట్టారు. అన్నం, నువ్వులు, పెంటయ్యకు ఇష్టమని ఎండుచేపల కూర. అరిటాకు మీద పెట్టి వెనక్కి జరిగారు. ఇక కాకి రావాలి. కాకి ముడితే పోయినవాడికి తృప్తి. ముట్టకపోతే వాడి మనసులో ఏదో మిగిలిపోయినట్టు.

కాకి రాలేదు.

అవతల వేదిక మీంచి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని మోగింది. వసుంధర పరుగున వెళ్లి ఆపించింది. తిరిగి వచ్చేసరికి కూడా రాలేదు. కాకులు కూర్చునే పొదలు లేవు, సరుగుళ్లు కొట్టేశారు. కొత్త స్తంభాల మీద గుండ్రటి గాజుదీపాలున్నాయి. కాకి కాళ్లు వాటి మీద నిలవవు.

ఎనిమిదిన్నర. మనుషులు పోయినవాడితో మాట్లాడటం మొదలుపెట్టారు.

"అన్నియ్యా, ఎర్రావుని అమ్మంలే," అన్నాడు నీలకంఠం.

"నాన్నా, బోరు ఏయిత్తాను. ఈ ఏడే ఏయిత్తాను," అన్నాడు ధనుంజయ్.

"సుట్ట మరిసిపోనార్రా, సుట్ట!" అని వెనక నుంచి నారాయణమ్మ కేకేసింది. ఎవరో పరుగెత్తుకెళ్లి చుట్ట తెచ్చి ఆకు పక్కన పెట్టారు. గాలికి అది దొర్లిపోయింది. మళ్లీ తెచ్చి పెట్టారు.

తొమ్మిదికి పది నిమిషాలు.

"అన్నియ్యకి సుట్ట మీద లేదురా మనసు," అన్నాడు నీలకంఠం నెమ్మదిగా. "ఆ పక్క ఏటీ నేదు అని తన నోటితో అన్నాడు. మొదట సేవ్రాలు తనదే. పడకేసినకాడి నుంచీ అదే గొణుగుడు. నాను మూసీసినాన్రా, నాను మూసీసినాను అని." కర్ర ఇసుకలో గుచ్చి వసుంధర వైపు తిరిగాడు. "అమ్మా, ఆ కాయితం నీ కాడుంది. నువ్వో మాట సెప్పాల ఆయనకి."

ముప్పై మంది చూస్తున్నారు. శ్యాంసుందర్ కూడా ఫోను చెవిలోంచి తీసేశాడు. వసుంధర వాచీ చూసుకుంది. తప్పించుకునే మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో అలాంటి మాటలు ఆమె దగ్గర బోలెడున్నాయి. అన్నీ అరిగిపోయాయి.

చెప్పులు విడిచి ముందుకెళ్లి ఆకు ఎదురుగా నిలబడింది.

"పెంటయ్య గారూ," అంది. "మీరు మూయలేదు. ఆరోజు సభ కాకముందే నేనీ మూలకి వచ్చాను. పొదల్లో పగిలిన కుండలు చూశాను. వెంట్రుకలు చూశాను. మాది టెక్కలి, నాకు తెలీకేం? నేను అడిగినప్పుడు మీరంతా ఎందుకు ఊరుకున్నారో కూడా తెలుసు. దీపం కొండెక్కాక మిమ్మల్ని ఒక్కర్నీ పక్కకి పిలిచి అడిగితే సరిపోయేది. నాలుగున్నర ఆటో వెళ్లిపోతోంది. అది తప్పితే ఇల్లు చేరేసరికి పది. లేదు అని మీరన్నారు, హమ్మయ్య అనుకుని నేను రాసుకున్నాను. ఆ ఫారం తప్పని ఇవాళే రాస్తాను. ఈ చోటు ఇలాగే ఉంటుంది. చాటుతో సహా."

అందరూ తలలెత్తి ఆకాశం కేసి చూశారు. వసుంధర కూడా చూసింది.

తెల్లటి, ఖాళీ ఆకాశం.

తొమ్మిదయింది. తొమ్మిదీ ఐదయింది. నీలకంఠం నిట్టూర్చాడు. "ఇంకేటి సేత్తాం. గెడ్డకి ఇచ్చీండి. సేపలు తింటాయి. ఆటినే కదా ఆయనా తిన్నాడు జల్మంతా." ధనుంజయ్ ఆకు ఎత్తి మెట్లు దిగి నీళ్లలో వదిలాడు. మూడు మునకలు వేసి వచ్చాడు. కొత్తగా గీసిన తల మీంచి నీళ్లు కారుతుండగా వసుంధర ముందు ఆగాడు.

"కాకి రానేదు మేడమ్."

"చూశాను."

"మరి మీ మాట? కాకి రాకపోతే మాటా నేనట్టేనా?"

అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"నేను కాకికి చెప్పలేదు ధనుంజయ్."

ఫ్లెక్సీని వేదిక వెనక్కి మోసుకెళ్లారు. వసుంధర బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి తెల్లకాగితం తీసి ఆరు వాక్యాలు రాసింది. దక్షిణపు మూలలో దినాల రేవు ఉంది, సభనాటికే నాకు తెలుసు, ఫారంలో రాయలేదు, తప్పు ఊరివాళ్లది కాదు. సంతకం చేసి, ఫొటో తీసి పై ఇంజినీరుకు పంపింది. రెండు నీలిగీతలు పడ్డాయి. మరు నిమిషంలో ఫోను మోగింది.

"పంపడానికి సాయంత్రం దాకా ఆగలేకపోయావా వసుంధరా?" ఆయన గొంతులో కోపం కన్నా అలుపే ఎక్కువ. "సాయంత్రానికి నీ ఆర్డరు నీ చేతిలో ఉండేది."

"సాయంత్రానికైతే పంపేదాన్ని కాదు సార్. నా సంగతి నాకు తెలుసు."

"మెమో వస్తుంది. బదిలీ సంగతి ఇక మర్చిపో. సవరించిన ప్లాను కూడా నువ్వే గీయాలి, ఇంకెవరు గీస్తారు! ఇప్పుడా రెయిలింగు..."

"బిగించడం లేదు సార్."

"దారిలో ఉన్నాం. అరగంటలో వస్తాం," అని ఆయన పెట్టేశాడు.

ఇంకో ఏడాదో, రెండేళ్లో. తెల్లారకముందు బస్సు, పలాస, మందస, షేర్ ఆటో. లెక్క వేసుకునే ఓపిక లేక లేచింది. సంచీలోంచి టేపు తీసింది.

"ధనుంజయ్, మైల తీరింది కదా. ఇలా రా. ఈ కొస పట్టుకో."

అతను మెట్టు అంచున కొస నొక్కిపట్టి కూర్చున్నాడు. ఆమె రెండో చివరకు నడిచి చదివింది. మూడు మీటర్ల నలభై. కాగితం వెనక రాసుకుంది.

"పొదలు ఎక్కడిదాకా ఉండేవి?"

"ఆ బెంచీ దాకా."

"కాదురా, ఉయ్యాల దాకా," అన్నాడు నీలకంఠం. "నీకేటి తెలుసు? నీ సిన్నప్పటికే సగం కొట్టీసినారు."

"ఓలమ్మ, ఉయ్యాల దాకా ఎక్కడున్నాయి! మద్దిన దారి ఉండీది కాదా?" తెల్లచీరలో నారాయణమ్మ గెడ్డ వైపు నుంచి వచ్చింది. ఖాళీ మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఉంది. ఎవరివైపూ చూడకుండా పచ్చగడ్డి మీద నడిచి ఒకచోట ఆగి, మడమతో నేలను రెండుసార్లు పొడిచింది. "ఇదిగో. ఇక్కడ మొదలు. ఆడోలు ఇటు నుంచి దిగీవోలు, మగోలు అటు నుంచి. రాసుకో తల్లీ."

రోడ్డు మీద కార్ల హారన్లు వినిపించాయి. శ్యాంసుందర్ చొక్కా సర్దుకుంటూ గేటు వైపు పరుగెత్తాడు. వేదిక మీద మైకు మళ్లీ హలో అంది.

వసుంధర టేపును నారాయణమ్మ పాదం దాకా లాగింది. "కదలకమ్మా," అంది. "ఆ పక్క కొలత ఇంకా ఉంది."